రెండు గూటాలు

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో తప్పులుంటాయి. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. జంట అక్షరం ఎదురైన ప్రతిచోటా బురదలో దిగబడ్డ ఎద్దులా ఆగిపోతాను. నేను ఒక పేజీ రాసేలోపల మా పక్కింటి కోడలు అన్నం వార్చి, పిల్లలకు పెట్టి, అత్తతో ఒక తగువు కూడా ముగించేస్తుంది. మా ఆడవాళ్ల బడి పంతులమ్మ, "మీకు బాగా తెలిసినదేదో రాయండి, ఖైరన్ చాచీ" అంది. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి నది. రెండోది నా సవతి. రెండింటి గురించీ మంచి మాటలు రాయలేను. అది కూడా ముందే చెప్పేస్తున్నాను.

నేను చెప్పబోయే ఏడు ఆషాఢం వచ్చేనాటికి మేమిద్దరం కాశ్‌ఖాలీ లంక మీద ఒకే ఇంట్లో ఉన్నాం. మా ఇద్దరి మొగుడు ఇద్రిస్ రెండు నెలల ముందే, వైశాఖంలో, మిరపచేలో ఉండగా పిడుగు పడి పోయాడు. నాకు పిల్లలు లేరని ఆంజువారాను తెచ్చుకున్నాడు. ఆమెకూ పుట్టలేదు. అప్పుడైనా ఎవరైనా అతని వైపు తిరిగి ఒక మాట అన్నారా అంటే, అనలేదు. లంక మీద గొడ్రాళ్లం ఒకరికి ఇద్దరమయ్యాం, అంతే.

ఆంజువారా నాకంటే చాలా చిన్నది. మా వైపు రెండో భార్య మొదటి భార్యను 'బుబు' అనాలి, అక్కా అన్నట్టు. ఆమె నన్ను ఒక్కనాడూ అలా పిలవలేదు. 'పెద్దింటావిడ' అనేది. మేమున్నది ఒకే గది ఇల్లు.

ఆ ఇంటి గురించి చెప్పాలి. పైనున్న రేకులు నావి. ఆంజువారా రాకముందు నేను ఇద్రిస్‌తో పాటు వంగి, మిరప కోసి, చేతులు మండి, ఆ మంటతో పడుకుని సంపాదించినవి. కింద ఉన్న గుంజలు ఆంజువారావి. ఆమె వచ్చిన ఏడు మా పాత గుంజలు చీకిపోతే ఆమె అన్నదమ్ములు తమ లంక నుంచి మంచి చేవ ఉన్న కర్ర పడవలో వేసుకొచ్చి పాతారు. గోడలు జనప పుల్లల తడికెలు, వాటికి ఎవరూ పోట్లాడరు. ఇల్లు నిలబడి ఉన్నంతసేపు ఎవరిది ఏదన్న మాట రాదు. విప్పితే నాకు గుంజలు లేని కప్పు, ఆమెకు కప్పు లేని గుంజలు.

మా లంకల్లో ఇల్లు కట్టడమంటే విప్పడానికి కట్టడమే. మేకు కొట్టాల్సిన చోట బోల్టు పెడతాం. ప్రతి ఇంట్లోనూ ఖురాన్ పక్కన ఒక పానా ఉంటుంది. ఇక గూటం సంగతి. ఆషాఢంలో మొదటి పెద్దవాన పడ్డాక ప్రతి ఇంటివాళ్లూ ఒక వెదురు గూటం తీసుకెళ్లి ఒడ్డుకూ ఇంటికీ నడుమ ఒకచోట పాతుతారు. ఎక్కడ అన్నది ఆ ఇంటి ఇష్టం. పాతేముందు ఎంతసేపైనా అరుచుకోవచ్చు. పాతాక మాట లేదు. నది ఆ గూటాన్ని తీసుకున్న రోజే ఇల్లు విప్పెయ్యాలి. పొయ్యి మీద ఏముంది, ఎవరికి జ్వరం, ఇవేవీ లెక్కలోకి రావు. నది వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. తెలియని దాని గురించి రోజూ పొద్దున్నే లేచి ఆలోచిస్తే మనిషికి పిచ్చెక్కుతుంది. అందుకని ఒక్కసారే ఆలోచించి, ఆ ఆలోచనను నేలలో దిగ్గొట్టేసి, మిగతా రోజులు మా జనుము మేం కోసుకుంటాం.

ఇద్రిస్ ఉన్నన్నాళ్లూ గూటం అతనే పాతేవాడు. అతను లేని మొదటి ఆషాఢం అది.

నేను గూటం, సుత్తి పట్టుకుని బయలుదేరాను. వెనక చెప్పుల చప్పుడు. ఆంజువారా.

"ఎక్కడ పాతుతున్నావ్?" అంది.

"నదికి కనబడే చోట."

"అక్కడా? అక్కడ పాతితే ఎల్లుండే విప్పుకోవాలి. ఎందుకంత తొందర? మొఖ్లెస్ మియా పడవ పంపిస్తానన్నాడా?"

మొఖ్లెస్ ఇద్రిస్ తమ్ముడు. పడమటి గట్టున, కరకట్టకు అవతల ఉంటాడు. నది అతని దాకా రాదు. ఇద్రిస్ పోయిన నలభయ్యో రోజు భోజనాలప్పుడు అందరూ వింటుండగా, "భాభీ, మీరు మా ఇంటికి వచ్చెయ్యండి. ఒంటరిగా ఇక్కడెందుకు" అన్నాడు. తర్వాత కప్పు వైపు చూసి, "రేకులతో సహా" అన్నాడు. ఆంజువారాతో మాత్రం, "నీకు నీ అన్నదమ్ములున్నారు కదా" అన్నాడు. ఆ అన్నదమ్ముల భార్యలు ఆమెను గుమ్మంలో కూడా నిలబడనివ్వరని అక్కడున్న అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

"పంపిస్తాడు," అన్నాను. "నాకు పంపించేవాళ్లున్నారు."

"నీకు కాదు. రేకులకు. మొన్న వచ్చి ముందు నీ ఆరోగ్యం అడిగాడా, రేకుల ఆరోగ్యమా? వేలి ముడితో కొట్టి కొట్టి చూశాడు, పుచ్చకాయ బేరమాడినట్టు."

నేను గూటం దిగ్గొట్టాను. ఇంటికి దూరంగా, నదికి దగ్గరగానే. నాకు ఆ ఇల్లు తొందరగా విప్పెయ్యాలనే ఉంది, దాచేదేముంది. విప్పితే రేకులు పడమటి గట్టుకు వెళ్తాయి, వాటితో నేను వెళ్తాను, ఈమె ముఖం మళ్లీ చూడక్కర్లేదు.

ఆంజువారా ఇంట్లోకి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఇంకో గూటం ఉంది. వంటపాక దాటి, మనిషి పడుకుంటే పట్టేంత జాగా వదిలి, అక్కడ పాతింది. "ఇది నా గూటం," అంది. "నీది పోతే నీ దుప్పటి మడిచిపెట్టుకో. నాది పోయేదాకా నా గుంజలు కదలవు."

లంకంతా వచ్చి చూసింది. ఒక ఇంటి ముందు రెండు గూటాలు ఎవరూ ఎన్నడూ చూడలేదు. పడవ తోలే తొరాబ్ చాచా గడ్డం గోక్కుంటూ రెంటి నడుమా నడిచి చూశాడు.

"పాపం నది," అన్నాడు. "ఏ పెళ్లాం మాట వినాలో తెలియక ఇద్రిస్‌లాగే తికమకపడుతుంది."

అందరూ నవ్వారు. ఆంజువారా కూడా నవ్వబోయి నన్ను చూసి ఆపుకుంది. నాకైతే నవ్వు రాలేదు.

ఆషాఢమంతా అలాగే గడిచింది. వంటపాకలో రెండు పొయ్యిలుండేవి, వీపులు కలిసేలా. ఆమె వంట గురించి ఒక్క మాట రాయకుండా ముందుకు వెళ్లలేను. చేపలో వేసిన ఉప్పు చాలక కన్నీళ్లు కూడా వేస్తుందేమో అన్నట్టుండేది. నేను అది పైకే అనేదాన్ని. ఆమె నా అన్నం గురించి, "ఇది తినేనా మా ఆయన పిడుగు కోసం ఎదురుచూసింది" అనేది. పొద్దున లేవగానే ఇద్దరం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. నేను నా గూటాన్ని చూసుకునేదాన్ని, ఆమె తన గూటాన్ని. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మాటలుండేవి కావు. పక్కింటి జరీనా, "మీ ఇద్దరికీ నది అక్కర్లేదు. మీ చూపులకే ఒడ్డు విరిగిపోతుంది" అనేది.

శ్రావణం నడుమ ఒక పొద్దున నా గూటం లేదు.

అది ఉన్నచోట గోధుమరంగు నీళ్లు సుడి తిరుగుతున్నాయి. నేను పరుగెత్తుకొచ్చి పానా తీశాను. పడమటి గట్టుకు వెళ్తున్న పాలపడవతో మొఖ్లెస్‌కు కబురు పంపాను. మధ్యాహ్నానికల్లా అతను ఇంజను పడవ వేసుకుని వచ్చేశాడు, ఇద్దరు మనుషులతో. తమ్ముడి చావుకు కూడా అంత తొందరగా రాలేదని జరీనా తర్వాత అంది. తమ్ముడు కాదు, అన్న. జరీనాకు వరసలు తెలియవు, మిగతావన్నీ తెలుసు.

మొఖ్లెస్ వస్తూనే నిచ్చెనేసి, చూరు పట్టుకుని, వేలి ముడితో రేకు మీద టంగుటంగున కొట్టాడు. "తుప్పు పెద్దగా లేదు," అన్నాడు తనలో తాను. తర్వాత నన్ను చూసి, "సామాన్లు సర్దారా భాభీ?" అన్నాడు.

ఆంజువారా గుమ్మంలో కూర్చుంది. నడిమి గుంజకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి.

"లేవమ్మా," అన్నాడు మొఖ్లెస్.

"నా గూటం ఉంది."

"ఇంటి పెద్ద గూటం పోయింది కదా."

"ఇంటి పెద్ద వైశాఖంలోనే పోయాడు. ఆవిడది ఆవిడ గూటం, నాది నాది. నా గుంజల మీద నుంచి రేకు తీస్తే ఆ తీసినవాడి చెయ్యి గుంజకు కట్టేస్తాను."

"నీ గుంజలు నీకే, ఎవరడిగారు? రేకులు దించుకుని పోతాం."

"రేకులు దించితే వానకు నా గుంజలు నానవా? నీ మంచం మీద నుంచి నీ పెళ్లాం దుప్పటి లాక్కుని పోతే నువ్వు ఊరుకుంటావా?"

మొఖ్లెస్ మనుషులు నవ్వు దాచుకోవడానికి నది వైపు తిరిగారు. గొడవ విని తొరాబ్ చాచా వచ్చాడు. నేను ఆయన్నే అడిగాను, "న్యాయం చెప్పు చాచా, గూటం పోయాక ఇల్లు విప్పాలా వద్దా?"

ఆయన చాలాసేపు ఆంజువారా గూటం వైపు చూశాడు. "గూటం గూటమే, ఖైరన్," అన్నాడు. "నీది పోయింది. ఆమెది ఉంది. రెండోది పాతుతున్నప్పుడు నువ్వు అడ్డు చెప్పలేదు. ఇప్పుడు నేనేం చెప్పను? ఆమెది పోయేదాకా ఈ ఇంటి బోల్టు ఎవరూ తియ్యడానికి లేదు."

మొఖ్లెస్ ముఖం మాడ్చుకున్నాడు. "శుక్రవారం నమాజు అయ్యాక వస్తా," అన్నాడు. పడవ ఎక్కేముందు మళ్లీ ఒకసారి చూరు కింద నిలబడి పైకి చూశాడు.

అతను వెళ్లాక నాకు ఒళ్లు మండిపోయింది. నిచ్చెనెక్కి సగం బోల్టులు వదులు చేశాను. తియ్యలేదు, వదులు చేశాను. తీస్తే కదా తప్పు. ఆ రాత్రి గాలికి కప్పంతా గలగలమని మోగింది. ఇద్దరం కళ్లు తెరుచుకుని చెరో మూల పడుకున్నాం, ఎవరు ముందు లేచి బిగిస్తారా అని. ఎవరూ లేవలేదు. మరుసటి పొద్దున పానాను బియ్యం కుండలో దాచేశాను.

నది అక్కడితో ఆగిపోయింది. రోజులు గడుస్తున్నా ఒక్క మట్టిపెళ్ల రాలలేదు. నీళ్లు నూనెలా మెరుస్తూ నిమ్మళంగా పోతున్నాయి. ఆంజువారా తన గూటం దగ్గర నిలబడి కావాలని పాన్ నములుతూ, "నదికి కూడా ఎవరి మాట వినాలో తెలుసు," అంది నాకు వినబడేలా. నది నిమ్మళంగా ఉంటే అది అడుగున పని చేసుకుంటోందని లంకలో పుట్టిన పిల్లకైనా తెలుసు. ఆమెకూ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ మాట నేను అనలేదు. అంటే నేను భయపడుతున్నానని ఆమె అనుకుంటుంది.

శుక్రవారానికి ఇంకా టైముంది. ఒక పూట నేను తాడు అడగడానికి జరీనా ఇంటికి వెళ్లాను. కూర్చుని ఒక తమలపాకు కూడా వేసుకున్నాను. అప్పుడు వినిపించింది. పెద్ద శబ్దం కాదు. బస్తా కింద పడేసినట్టు ఒక బరువైన చప్పుడు, తర్వాత నీళ్ల చప్పుడు. జరీనా లేచి తన చూరు వైపు చూసింది. నేను పరుగెత్తాను.

వంటపాక లేదు. రెండు పొయ్యిలూ పోయాయి, నాదీ, ఆమెదీ. పొయ్యిల మీద ఉన్న కుండలూ పోయాయి. ఆంజువారా గూటం పోయింది. నేల అంచు ఇంటి గోడకు అంత దగ్గరగా కోసుకుపోయి ఉంది, వెనక గోడ తడికె కింద నుంచి నీళ్లు కనిపిస్తున్నాయి. ఇంటి మీద ఎవరో ఉన్నారు. ఆంజువారా. చీర పైకి దోపుకుని, కప్పు కొన మీద గొంతుక్కూర్చుని, పానాతో బోల్టులు తీస్తోంది.

"నా పానా నీకెక్కడిది?"

"బియ్యం కుండలో దాచేవాళ్లు మా ఊళ్లో కూడా ఉన్నారు. నిచ్చెన పట్టుకో."

"నీ గూటం పోయిందా?"

"కనిపించట్లేదా? గూటం గూటమే. పట్టుకుంటావా, దూకమంటావా?"

పట్టుకున్నాను. సగం బోల్టులు నేను వదులు చేసినవే కాబట్టి త్వరగా వచ్చాయి. ఆ మాట ఇద్దరమూ అనలేదు. ఎవరి సాయమూ లేదు, లంక అంచునున్న ఇళ్లన్నీ ఆ పూటే విప్పుతున్నారు. ఎటు చూసినా రేకులు దిగుతున్న చప్పుడే. ఒక్కో రేకూ ఆమె కిందికి జార్చింది, నేను అందుకుని ఎదురుగా ఉన్న మెరక మీద పేర్చాను. ఒకటి నా చేతి నుంచి జారి మూల వంగింది.

"చూసి పట్టుకో. అది వంగితే మళ్లీ నా మీదే ఏడుస్తావ్."

"నా రేకులను నువ్వు అంత జాగ్రత్తగా దించుతున్నావేంటి?"

"రేకులు దిగితేగానీ గుంజలు పైకి రావు. ప్రేమనుకునేవు."

రేకులన్నీ దిగాక ఆమె కిందికి దూకి గునపం తీసుకుంది. గుంజలు లోతుగా పాతినవి. ఆమె అన్నదమ్ములు బాగానే పాతారు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆమె ఒక్కతే తవ్వుతుంటే ఆ వేగానికి సాయంత్రమవుతుంది. నా రేకులు మెరక మీద ఉన్నాయి. నేను వాటి మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూడొచ్చు. కూర్చోలేదు. ఎందుకని అడిగితే, ఆ గుంజల నడుమ నుంచే నా సామాను బయటికి తేవాలి, అదీ కారణం. ఆమె గునపంతో మట్టి కదిపితే నేను చేతులతో ఎత్తిపోశాను. మూడు గుంజలు వచ్చాయి. నది వైపు మూలనున్నది సగం వచ్చింది. నేను దాన్ని కౌగిలించుకుని లాగుతున్నాను. కాళ్ల కింద నేల మెత్తగా అయింది.

"వదులు," అంది ఆంజువారా.

"వస్తోంది."

"వదులు. వదలవే ముసలిదానా."

నా జాకెట్టు వీపు పట్టుకుని లాగింది. గుడ్డ చిరిగింది. ఇద్దరం వెనక్కి పడ్డాం. గుంజ నిలువుగా అలాగే కాసేపు నీళ్లలో నిలబడింది, తర్వాత మెల్లగా పక్కకు వాలి వెళ్లిపోయింది. దాని చుట్టూ మట్టి ఎంత పోయిందో నేను చూడలేదు.

"నా గుంజ," అంది ఆంజువారా లేస్తూ. "పోయింది చూడు. నీ రేకుల్లో ఒక్కటైనా పోయిందా?"

"నా జాకెట్టు పోయింది."

"అది చిరిగి ఏడాదైంది. ఇవాళ బయటపడింది."

తొరాబ్ చాచా పడవ వచ్చేసరికి గాలి మొదలైంది. రేకులు, గుంజలు, తడికెలు, బియ్యం కుండ, మాకున్న ఒక్క మేక, మేమిద్దరం. నది నడిమికి వెళ్లాక ఆయన అడిగాడు, "ఎక్కడికి?"

"పడమటి గట్టుకు. మొఖ్లెస్ ఇంటికి," అన్నాను నేను.

"ఉత్తరానికి. మా అన్నల లంకకు," అంది ఆమె. కానీ ఆమె గొంతు అంత గట్టిగా లేదు.

ఆయన మమ్మల్నిద్దర్నీ చూశాడు. నీళ్లలో ఉమ్మేశాడు. "నా పడవకు ముక్కు ఒకటే," అన్నాడు. "నేను ఇంకా చాలా ఇళ్లు మొయ్యాలి. గాలి చూస్తే ఇలా ఉంది. ఇద్రిస్ బతికున్నప్పుడు మీ మధ్య ఎలా పడుకునేవాడో నాకు తెలియదు గానీ, నేను మాత్రం మీ మధ్య మునిగిపోదలచుకోలేదు."

పడవను కరకట్టకు తిప్పాడు. లంక నుంచి వచ్చినవాళ్లంతా అక్కడే దిగుతున్నారు. మా సామానంతా గట్టు మీదికి గిరాటేసి, "ఇక్కడ కొట్టుకోండి, జాగా ఎక్కువ," అన్నాడు. అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. ఆయన మా మూడు గుంజలను చూసి ఏమనుకున్నాడో, పడవ తోసే పొడుగాటి వెదురు గెడ ఒకటి పైకి విసిరాడు. "తిరిగివ్వాలి," అన్నాడు.

వాన దంచి కొట్టింది. ఆ వానలో, గాలిలో, మూడు గుంజలు, ఒక పడవ గెడ పాతి, వాటి మీద రేకులు వేశాం. నేను రేకులు పట్టుకున్నాను, ఆమె బోల్టులు బిగించింది. పానా ఆమె చేతిలోనే ఉంది కాబట్టి.

"ఈ వానకే," అన్నాను.

"ఈ వానకే కదా. నేనేమన్నా నీతో కాపురానికి వచ్చానా?" అంది.

దాని కింద మేకతో సహా తలో మూలా తడిగుడ్డలతో కూర్చున్నాం. అటుకులు నా దగ్గర ఉన్నాయి, బెల్లం ఆమె దగ్గర ఉంది. నేను ఉత్త అటుకులు తిన్నాను. ఆమె ఉత్త బెల్లం తింది.

శుక్రవారం నమాజు అయ్యాక మొఖ్లెస్ వచ్చాడు. వెతుక్కుంటూ కరకట్ట పొడుగునా నడిచి వచ్చాడు, అతని మనుషులు వెనక తాళ్లు పట్టుకుని. రెండు రోజుల కింద వాన వెలిసింది. ఎండ కాస్తోంది. కట్ట మీద అందరూ బట్టలు ఆరేసుకున్నారు.

"అన్నీ వచ్చాయా భాభీ?" అన్నాడు.

మేమిద్దరమూ వచ్చామా అని అడుగుతున్నాడనుకుని, "వచ్చాం" అన్నాను. అతను నా వైపు చూడటం లేదు. తల ఎత్తి రేకులు లెక్కపెడుతున్నాడు. తర్వాత వేలి ముడితో కొట్టాడు. వంగిన మూల చూసి నాలుకతో చప్పరించాడు.

"ఇది ఎవరు వంచారు?"

"నేనే."

"పరవాలేదు, దీన్ని వెనక వైపు వేసుకోవచ్చు. వాన నీళ్లకు దూడకు దగ్గు పట్టుకుంది, కొట్టం గడ్డి అంతా చీకిపోయింది. ఈ రేకులు పడితే ఇంక బెంగ లేదు." అప్పుడు నేను గుర్తొచ్చాను. "మీకు వంటింటి పక్కన చోటు చూశాం భాభీ. కట్టెలు పెట్టే చోటు. కట్టెలు తీయించేస్తాం."

ఆంజువారా కొంచెం దూరంలో కూర్చుని మా ఇద్దరికీ వీపు పెట్టి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం ఆపింది. లేచి వచ్చి పానాను నా ముందు నేల మీద పెట్టింది.

"తీసుకుపో," అంది. "నీ రేకులు నీవి. నా గుంజలకు గీత పడకుండా విప్పించు. గెడ తొరాబ్ చాచాది, దాన్ని ఆయనకే అప్పజెప్పాలి. వీళ్లతో పంపించకు." వెళ్లి మళ్లీ చేట ముందు కూర్చుంది. ఈసారి రాళ్లు ఏరడం లేదు, ఊరికే బియ్యం కదుపుతోంది.

మొఖ్లెస్ మనుషులు తాళ్లు విప్పారు. మొఖ్లెస్ పానా అందుకోవడానికి వంగాడు. నేను దాని మీద కాలు పెట్టాను.

"వాన తగ్గనీ, మొఖ్లెస్," అన్నాను.

అతను ఆకాశం వైపు చూశాడు. అతని మనుషులూ చూశారు. ఒక్క మబ్బు లేదు.

"వాన ఎక్కడుంది భాభీ?"

"తగ్గాక కబురు పంపిస్తాను."

"ఎండ మాడ్చేస్తుంటే వాన అంటారేంటి?"

"నేనైతే తడుస్తున్నాను," అన్నాను. "మంచినీళ్లు తాగి వెళ్లండి. ఎండలో వచ్చారు."

చుట్టూ కట్ట మీది జనం బట్టలు ఆరేయడం మానేసి చూస్తున్నారు. మొఖ్లెస్ వదినతో నలుగురిలో అంతకంటే మాట పెంచలేక, "ఆడవాళ్లకు నది భయంతో మతి చలిస్తుంది" అని తన మనుషులతో చెప్పుకుంటూ వెళ్లిపోయాడు. మంచినీళ్లు తాగలేదు. నేను కబురు పంపలేదు. అతనూ తర్వాత ఎప్పుడూ ఆ దూడ గురించి చెప్పలేదు.

వాళ్లు కనుమరుగయ్యాక ఆంజువారా తల తిప్పకుండా, "ఎండదెబ్బ తగిలిందా నీకు?" అంది.

"నోరు మూసుకుని బియ్యం కడుగు."

"ఎవరికి?"

"తినేవాళ్లకు."

కట్ట మీద పొయ్యికి చోటు ఒకటే దొరికింది. ఆ రోజు ఆమె వండిన చేపలో ఉప్పు చాలలేదు. ఆ మాట చెప్పాను కూడా.

శీతాకాలంలో నీళ్లు తీశాక కాశ్‌ఖాలీ ఉన్న చోట నది మిగిలింది, నది ఉన్న చోట కొత్త లంక తేలింది. తొరాబ్ చాచా చోటు చూసి వచ్చాడు, అందరం వెళ్లాం. తొరాబ్ చాచా గెడను మేం తిరిగివ్వలేదు. అది అప్పటికి మూల గుంజ అయిపోయింది. కనిపించినప్పుడల్లా అడిగేవాడు, పోయేదాకా అడిగాడు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. పెద్దవాన పడిన మరుసటి పొద్దున నేను గూటం చెక్కుకుని బయటికి వచ్చాను. ఆంజువారా వాకిట్లో చేతులు ఊపుకుంటూ నిలబడి ఉంది.

"నీదేది?" అన్నాను.

"ఏది?"

"గూటం."

"గుంజలు నావి, రేకులు నీవి, గెడ ఆ ముసలాయనది. బోల్టుల్లో ఎవరివి ఎవరివో దేవుడికే తెలియాలి. ఈ కొంపకు రెండు గూటాలు కూడానా? ఎక్కడ పాతుతావో పాతి ఏడువు."

నేను ఒడ్డు వైపు నడిచి ఒక చోట గూటం ఆనించాను.

"అంత దూరమా?" అంది వెనక నుంచి.

ఇంటి వైపు కొంచెం జరిపాను. "ఇక్కడ పాతితే పీకల దాకా నీళ్లొచ్చాక లేవాలి, తెలుసా?" అన్నాను.

"నీ పీక దాకా వస్తే మంచిదే, కాస్త నోరు తడుస్తుంది."

అలా మధ్యాహ్నపు నమాజు పిలుపు దాకా అరుచుకున్నాం. జరీనా, తొరాబ్ చాచా, అందరూ తెచ్చుకున్న పాన్‌లు అయిపోయేదాకా చూసి వెళ్లిపోయారు. చివరికి ఎక్కడ పాతామో ఇప్పుడు గుర్తు లేదు. ఆ చోటు కూడా నదిలోనే ఉంది.

ఆ తర్వాత ఇల్లు చాలాసార్లు విప్పాం. విప్పిన ప్రతిసారీ పడవలో, "ఈసారి ఎవరిది వాళ్లకే," అని ఒకరు అంటారు. ఒకసారి నేను, ఒకసారి ఆమె. దిగేసరికి వానో, గాలో, ఏదో ఒకటి ఉంటుంది. ఆడవాళ్ల బడికి నాతో రమ్మంటే ఆంజువారా రాలేదు. "చదువొచ్చినవాళ్ల ఇల్లు నది వదిలేస్తుందేంటి?" అంది. ఇది రాస్తుంటే మాత్రం వచ్చి వెనక నిలబడింది, ఒక్క అక్షరం తెలియకపోయినా. "నా గురించి అబద్ధాలు రాస్తున్నావ్," అంది. లేదు, ఉప్పు సంగతి కూడా నిజమే రాశానన్నాను.

ఇప్పటికీ నన్ను బుబు అని పిలవలేదు.

ఖైరన్ బేవా
వయసు అరవై రెండో మూడో
నతూన్‌కాందీ లంక, ఉత్తరపు ఒడ్డు నుంచి రెండో ఇల్లు. మొన్నటిదాకా మూడోది.